కౌన్సెలింగ్ ముందా, కంటినిండా నిద్ర ముందా? కోవిడ్ రోజుల్లో ఉద్యోగుల ఒత్తిడి ఎక్కడ పుట్టింది

2020 మొదట్లో చైనాలోని చాంగ్షా నగరంలో సెకండ్ షియాంగ్యా ఆసుపత్రి తన డాక్టర్లు, నర్సుల మనసు చెదరకుండా ఉండాలని మంచి ఏర్పాట్లే చేసింది. ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో చెప్పే ఆన్‌లైన్ పాఠాలు పెట్టింది. ఫోన్ చేస్తే మాట్లాడే సైకాలజిస్టుల బృందాన్ని సిద్ధం చేసింది. నలుగురూ కలిసి కాస్త తేలికపడే కార్యక్రమాలూ అనుకుంది. తీరా చూస్తే వాటికి వచ్చేవాళ్లు లేరు. నర్సులు ఊరికే చిరాకు పడుతున్నారు. విశ్రాంతి తీసుకోమన్నా తీసుకోవడం లేదు. నలిగిపోతున్నారని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంది. అడిగితే మాత్రం మాకేం సమస్య లేదంటున్నారు.

అప్పుడు ఆసుపత్రి వాళ్లు సిబ్బందిలో కొందరితో అరగంట చొప్పున కూర్చుని అసలేం కావాలని అడిగారు. తమకు రోగం వస్తుందన్న భయం మొదట్లో పెద్దగా లేదన్నారు. ఇంట్లోవాళ్లకు అంటిస్తామేమోనన్నదే దిగులు. ఐసొలేషన్‌కు ఒప్పుకోని రోగులతో ఎలా నెగ్గుకు రావాలో తెలియడం లేదన్నారు. మాస్కులు, గౌన్లు అయిపోతాయేమోనని టెన్షన్. చాలామంది తేల్చి చెప్పింది ఒకటే: మాకు సైకాలజిస్టు అక్కర్లేదు, ఎవరూ లేపకుండా నిద్రపోనివ్వండి, సరిపడా రక్షణ సామగ్రి ఇవ్వండి.

యాజమాన్యం దారి మార్చింది. ఇంటికి వెళ్లకుండా ఉండగలిగే విశ్రాంతి గదులు ఏర్పాటు చేసింది. భోజనం, రోజువారీ సామాన్లు చూసుకుంది. ఆసుపత్రిలో తమ రోజు ఎలా గడుస్తోందో వీడియో తీసి ఇంటికి పంపుకునేలా సాయం చేసింది. మొండికేసే రోగుల దగ్గరకు భద్రతా సిబ్బందిని పంపింది. ఆ తర్వాతే కౌన్సెలర్లు ఆ విశ్రాంతి గదులకు వెళ్లి, ఊరికే పక్కన కూర్చుని చెప్పింది వినడం మొదలుపెట్టారు. ఈ అనుభవం 2020లోనే లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో చిన్న లేఖగా వచ్చింది. మహమ్మారి కాలంలో ఉద్యోగుల ఒత్తిడి మీద వచ్చిన పెద్ద పెద్ద సర్వేలకంటే ఈ చిన్న లేఖే నాకు ఎక్కువ చెప్పినట్టనిపిస్తుంది.

ఎందుకంటే మన దగ్గర ఈ విషయం మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. జబ్బంటే భయం ఒకటి. ఆ జబ్బు రోజుల్లో ఉద్యోగం చేయించిన తీరు ఇంకొకటి. మొదటిది అందరికీ ఉంది, కేసులు తగ్గేకొద్దీ అదీ తగ్గింది. రెండోది కొందరికే ఉంది, చాలామందిలో కేసులు తగ్గాక కూడా పోలేదు. ధ్యానం, ప్రాణాయామం, మంచి మాటలు మొదటిదానికి కొంత పనికొస్తాయి. రెండోదాని మందు డ్యూటీ చార్టులోనూ, జీతాల బిల్లులోనూ ఉంటుంది.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. రాబర్ట్ కరసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు 1979లోనే చెప్పిన మాట ఉంది. పని ఎక్కువైనంత మాత్రాన మనిషి కుంగిపోడు. పని ఎక్కువై, ఆ పని ఎలా చేయాలన్నది తన చేతిలో లేనప్పుడే కుంగిపోతాడు. ఆపరేషన్ చేసే సర్జన్‌కు, అదే థియేటర్లో నిలబడిన కాంట్రాక్ట్ వార్డ్ బాయ్‌కు అలసట ఒకేలా ఉండొచ్చు. తన సమయం మీద సర్జన్‌కు కాస్త అధికారం ఉంటుంది, వార్డ్ బాయ్‌కు ఉండదు. తర్వాత 1996లో జర్మనీలో పనిచేసిన పరిశోధకుడు జోహన్నెస్ సీగ్రిస్ట్ ఇంకో కోణం కలిపాడు. మనిషి పెట్టే శ్రమకు, దానికి దక్కే డబ్బు, గౌరవం, ఉద్యోగ భద్రతకు పొంతన లేకపోతే ఆ తేడా ఒంట్లో జబ్బుగా తేలుతుందన్నాడు. ఈ రెండు మాటలూ పక్కన పెట్టుకుని చూస్తే 2020, 2021లో మన రాష్ట్రాల్లో జరిగినవి చాలావరకు అర్థమవుతాయి.

ముందు ఆసుపత్రి వార్డులోకి వెళ్దాం. మా వదిన స్టాఫ్ నర్సు, కోవిడ్ వార్డులో చేసింది. ఆమె చెప్పేదాకా పీపీఈ కిట్ అంటే రెయిన్‌కోటు లాంటిదేమో అనుకున్నాను. ఎన్95 మాస్కు, దాని మీద గాగుల్స్, ఆపైన షీల్డు, రెండు జతల గ్లౌజులు, కాళ్లకు కవర్లు, తల నుంచి మడమ దాకా ఒంటికి అతుక్కునే ప్లాస్టిక్ సూటు. ఒకసారి తొడుక్కుంటే డ్యూటీ అయ్యేదాకా మంచినీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. అందుకే కిట్ వేసుకునే ముందు గంట నుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లట. నెలసరి రోజుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఊపిరి ఆవిరికి గాగుల్స్ మసకబారిపోతాయి. రెండు గ్లౌజుల మీంచి నరం దొరకదు. ఎవరు ఎవరో గుర్తుపట్టలేక వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్లు. రోగులకు వాళ్ల ముఖాలు కనిపించవు, కళ్లు కూడా సరిగ్గా కనిపించవు. పక్క బెడ్డులో మనిషి పోతే ఈ బెడ్డులో మనిషికి ధైర్యం చెప్పాలంటే మాట తప్ప ఇంకేం లేదు, ఆ మాటా మాస్కుల చాటు నుంచి సరిగ్గా వినపడదు.

ఇందులో ఒక చిక్కుంది, బయటివాళ్లకు అంతగా తెలియనిది. కిట్ వేసుకునేటప్పటికంటే విప్పేటప్పుడు ప్రమాదం ఎక్కువ. సూటు పైభాగమంతా వైరస్ ఉండొచ్చు. దాన్ని ఒంటికి తగలకుండా లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ, ఒక్కో అంచెకూ చేతులు శుభ్రం చేసుకుంటూ, వరుస తప్పకుండా తీయాలి. అంటే రోజు మొత్తంలో అత్యంత జాగ్రత్త కావలసిన పని, మెదడు బాగా అలిసిపోయిన చివరి నిమిషాల్లో చేయాలి. నాలుగు గంటల డ్యూటీ చేసిన నర్సుకీ, మనుషులు చాలక పది గంటలు నిలబడిన నర్సుకీ ఆ నిమిషాలు ఒక్కటి కావు. షిఫ్టు నిడివిని సిబ్బంది సౌకర్యం లెక్కలో వేయడం పొరపాటు. అది ఇన్‌ఫెక్షన్ నివారణలో భాగం.

ఇంటికొచ్చాక కూడా డ్యూటీ అయిపోయినట్టు కాదు. పెరట్లోనే స్నానం, బట్టలు వేడినీళ్లలో, ఫోను ప్లాస్టిక్ కవర్లో. ఐదేళ్ల పాప గ్రిల్ అవతల నుంచి చేయి చాపితే ఇటు నుంచి పట్టుకోవడానికి లేదు. చాంగ్షా నర్సులు చెప్పిన దిగులు అక్షరాలా ఇదే. దానికి తోడు మొదట్లో క్వారంటైన్ రోజులను డ్యూటీగా లెక్కకట్టాలా, సెలవుగా కోసేయాలా అన్నదే చాలాచోట్ల తేలలేదు. డాక్టర్లు, వైద్య సిబ్బందికి జీతాలు సకాలంలో ఇప్పించాలని 2020 జూన్‌లో, వాళ్ల క్వారంటైన్ రోజులను సెలవుగా చూడకూడదని జూలై చివర్లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టి, పూలు చల్లిన దేశంలో జీతం కోసం కోర్టు దాకా వెళ్లాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడదు.

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి తెలంగాణలో కోవిడ్‌కు ముఖ్య కేంద్రమైంది. 2020 ఏప్రిల్ 1న అక్కడ ఒక రోగి చనిపోతే బంధువు డాక్టర్ మీద చేయి చేసుకున్నాడు. దేశమంతా ఇలాంటివి జరుగుతుంటే ఏప్రిల్ 22న కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అయినా జూన్‌లో గాంధీలో మళ్లీ దాడి జరిగింది. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద బైఠాయించారు. వాళ్ల డిమాండ్లు గమనించండి. కోవిడ్ రోగులందరినీ గాంధీకే పంపకుండా మిగతా ఆసుపత్రులకూ పంచండి, సిబ్బందిని పెంచండి, భద్రత కల్పించండి. అన్నీ పని ఏర్పాటుకు సంబంధించినవే. రాష్ట్రం నలుమూలల నుంచి విషమించిన కేసులన్నీ ఒకే చోటికి చేరితే చావులూ అక్కడే ఎక్కువగా కనిపిస్తాయి. బంధువుల కోపం ఎదురుగా ఉన్న పీజీ డాక్టర్ మీద పడుతుంది. ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్లు వాళ్లకు కనిపించరు.

ఇక ఆశా కార్యకర్తల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే సీగ్రిస్ట్ చెప్పిన శ్రమకూ ప్రతిఫలానికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ వ్యవస్థలో దేశమంతటా దాదాపు 10 లక్షల మంది మహిళలున్నారు. ప్రభుత్వం లెక్కలో వీళ్లు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. జీతం బదులు పారితోషికం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని నెలకు 10,000 రూపాయలకు పెంచారు. కోవిడ్ పనికి కేంద్రం అదనంగా ఇచ్చింది నెలకు 1,000 రూపాయలు. కోవిడ్‌తో చనిపోతే 50 లక్షల బీమా అన్న కేంద్ర పథకంలో వీళ్లనూ చేర్చారు, అది మంచి పనే.

ఆ వెయ్యి రూపాయలకు ఏం చేశారు? ఇల్లిల్లూ తిరిగి జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను రాసుకున్నారు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల వివరాలు సేకరించారు. హోమ్ ఐసొలేషన్‌లో ఉన్నవాళ్ల ఇంటికి మందుల కిట్లు చేర్చారు. ఆక్సిమీటర్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూశారు. సాయంత్రానికి ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు ఏఎన్ఎంకు లెక్క అప్పజెప్పారు. ఇవన్నీ పాత పనులకు అదనం. గర్భిణుల చెకప్పులు, పిల్లల టీకాలు ఆగవు కదా. ఇక్కడ ఇంకో బాధ ఉంది. ఆసుపత్రి నర్సు డ్యూటీ దిగాక వార్డు నుంచి బయటపడుతుంది. ఆశా కార్యకర్త పని చేసేదీ ఆ ఊళ్లోనే, బతికేదీ ఆ ఊళ్లోనే. ఎవరింటి పేరు పాజిటివ్ జాబితాలో రాసి పంపిందో వాళ్లే రేపు నీళ్ల ట్యాంకు దగ్గర ఎదురుపడతారు. నీ వల్లే మా ఇంటి ముందు బ్లీచింగ్ చల్లారని మాట్లాడటం మానేసినవాళ్లున్నారు. నువ్వు అందరి ఇళ్లకూ తిరుగుతావు, మా ఇంటికి రావొద్దు అన్నవాళ్లూ ఉన్నారు. రోజంతా జనం కోసం తిరిగి, ఆ జనం చేతే వెలివేయించుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. 2023 సెప్టెంబరు ఆఖర్లో తెలంగాణ ఆశాలు నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం కోసం సమ్మెకు దిగారు. ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చదివితే గౌరవానికీ జీతానికీ మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది.

జీతం దగ్గరకొచ్చాం కాబట్టి మిగతా ఉద్యోగుల మాట కూడా. 2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం చాలామంది ఉద్యోగుల జీతంలో సగం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం కోత ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ కూడా జీతాలు, పెన్షన్లలో కొంత భాగం వాయిదా వేసింది. వైద్య, పోలీసు సిబ్బందికి తర్వాత పూర్తిగా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వమని తీర్పొచ్చింది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది. ఖజానా ఖాళీ అన్నది నిజమే కావచ్చు. కానీ ఈఎంఐ కట్టాల్సిన తేదీ మారలేదు. ఎన్ని నెలలు, ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్నది ముందే చెప్పి ఉంటే, డబ్బు తక్కువైనా సగం ఆందోళన తగ్గేది. ఉద్యోగిని ఎక్కువగా నలిపేది అనిశ్చితి.

ప్రైవేటు బడుల టీచర్లకు ఆ సగం జీతం కూడా లేదు. బడులు మూతపడ్డాయి, చాలామంది ఉద్యోగాలు పోయి కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, ఉపాధి హామీ పనులకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. నిన్నటిదాకా ఊళ్లో సార్ అనో మేడమ్ అనో పిలిపించుకున్న మనిషికి ఆ మార్పు ఎంత కష్టమో లెక్కల్లో తేలదు.

ఒత్తిడిలో ఇంకో రకం ఉంది. దాన్ని అలసటతో కలపకూడదు. ఏం చేస్తే ప్రాణం నిలుస్తుందో తెలుసు, చేయడానికి చేతులూ ఉన్నాయి, కావలసిన వస్తువు మాత్రం లేదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమైంది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. అలాంటి రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకో నర్సుకో మిగిలేది అలసట కాదు. తప్పు తనది కాకపోయినా తన చేతుల్లోనే జరిగిందన్న భావన. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో పనిచేసిన అమెరికన్ సైకియాట్రిస్టు జొనాథన్ షే దీన్ని నైతిక గాయం అన్నాడు. ఒక వెంటిలేటర్, ఇద్దరు రోగులు అన్న పరిస్థితి సెకండ్ వేవ్‌లో ఎంతోమంది డాక్టర్లకు ఎదురైంది. నిద్రపోతే అలసట తీరుతుంది. ఈ గాయం అలా తీరదు. ఆ రాత్రి ఏం జరిగిందో దాచకుండా మాట్లాడుకుంటే, తప్పు ఎక్కడ జరిగిందో సంస్థ ఒప్పుకుంటే కొంతవరకు మానుతుంది. మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. విచారణ అంటే కింది స్థాయిలో ఎవరికి మెమో ఇవ్వాలా అని వెతకడం.

ఇంట్లో కూర్చుని పనిచేసినవాళ్ల కష్టం వేరు. దాన్ని వార్డు కష్టంతో పోల్చడం ఇద్దరికీ అన్యాయమే. హైటెక్ సిటీకి రోజూ గంట ప్రయాణం విసుగే, కానీ ఆఫీసు అక్కడితో అయిపోయేది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఆ గంట కూడా పనిలో కలిసిపోయింది. రెండు గదుల ఇంట్లో మంచం మీద ల్యాప్‌టాప్, పక్కగదిలో అమ్మకు దగ్గు, చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోతే మేనేజర్ ఏమనుకుంటాడో అన్న టెన్షన్. ఆడవాళ్లకు మధ్యలో వంట, పిల్లల ఆన్‌లైన్ క్లాసు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. పోలిక 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో. అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్న మనవాళ్లకైతే ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి దొరికేది 60 రోజులే. అలాంటి భయంలో ఉన్నవాడు సెలవు అడగడు, ఒంట్లో బాగోలేదని కూడా చెప్పడు.

అంకెల గురించి ఒక జాగ్రత్త. 2020 మార్చిలో వచ్చిన ప్రసిద్ధమైన చైనా అధ్యయనంలో 34 ఆసుపత్రుల నుంచి 1,257 మంది వైద్య సిబ్బందిని అడిగారు. 50.4 శాతం మందిలో డిప్రెషన్, 44.6 శాతంలో ఆందోళన, 34 శాతంలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. ఇవి ప్రశ్నావళిలో బయటపడ్డ లక్షణాలు, డాక్టర్ నిర్ధారించిన జబ్బులు కావు. సగం మంది నర్సులకు మానసిక వ్యాధి అని రాసిన వార్తలు అందుకే తప్పు. అసాధారణ పరిస్థితిలో నిద్ర పట్టకపోవడం మామూలు మనిషి స్పందన. పరిస్థితి మారాక కూడా అది పోకపోతేనే ఆలోచించాలి.

మారాక ఏమవుతుందో తెలుసుకోవడానికి కోవిడ్ దాకా ఆగక్కర్లేదు. 2003లో కోవిడ్ లాంటి వైరస్ జబ్బు సార్స్ వచ్చినప్పుడు కెనడాలోని టొరంటో ఆసుపత్రులు బాగా దెబ్బతిన్నాయి. ఏడాది నుంచి రెండేళ్ల తర్వాత పరిశోధకులు ఆ సిబ్బందిని, సార్స్ రోగులకు వైద్యం చేయని హామిల్టన్ ఆసుపత్రుల సిబ్బందితో పోల్చి చూశారు. టొరంటో వాళ్లలో బర్నౌట్ (పని ఒత్తిడికి పూర్తిగా నీరసించిపోవడం), మానసిక వేదన ఎక్కువ. రోగుల దగ్గర గడిపే సమయం, పని గంటలు తగ్గించుకున్నవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. ముందే సరైన శిక్షణ, రక్షణ, అండ దొరికాయని భావించినవాళ్లలో మాత్రం ఈ ప్రభావం తక్కువగా ఉంది. అంటే వేవ్ ముగిశాక కూడా ఆసుపత్రి మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది. అనుభవమున్న నర్సు మానేస్తుంది, ఉన్నవాళ్ల మీద భారం పెరుగుతుంది. బర్నౌట్‌ను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వ్యాధుల వర్గీకరణలో చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, పనికి సంబంధించిన పరిస్థితి అంది. శక్తి ఉడిగిపోవడం, పని మీద విరక్తి, చేసేది దేనికీ పనికిరాదన్న భావన దాని లక్షణాలు. సరిదిద్దాల్సింది పని జరిగే చోటును అన్న సంగతి అందులోనే ఉంది. మన దగ్గర కోవిడ్ కాలంలో ఎంతోమందిని తాత్కాలికంగా తీసుకున్నారు. వేవ్ తగ్గాక 2021 జూలైలో తెలంగాణలో ఔట్‌సోర్సింగ్ నర్సులను తొలగిస్తే వాళ్లు హైదరాబాద్‌లో ఆందోళనకు దిగారు. తర్వాతి మహమ్మారికి పిలిస్తే వాళ్లు ఏ నమ్మకంతో వస్తారు?

ఒత్తిడి పని దగ్గర పుట్టిందే అయినా, ఒక దశ దాటితే అది మనిషిలో స్థిరపడిపోతుంది. అప్పుడు వైద్యం కావాల్సిందే. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయినా, ఆనాటి దృశ్యాలు పదే పదే కళ్లముందుకొస్తున్నా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చికిత్స ఖర్చు విషయంలో కూడా ఒక హక్కుంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 21(4) ప్రకారం బీమా కంపెనీలు శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉంటే హెచ్ఆర్‌ను అడిగి పత్రం తెప్పించుకుని చూడండి. మానసిక చికిత్స అని చెప్పి క్లెయిమ్ తిప్పి పంపితే ఆ సెక్షన్ నంబరు రాసి లిఖితపూర్వకంగా జవాబు అడగండి.